వంతెన కట్టాలంటే సివిలే చదవాలా?

2024 జులై 30 తెల్లవారుజామున కేరళలోని వయనాడ్‌లో కొండచరియలు విరిగిపడ్డాయి. చూరల్‌మల, ముండక్కై ఊళ్ల మధ్య వంతెన కొట్టుకుపోయింది. అవతలి ఒడ్డుకు యంత్రాలు వెళ్లే దారి లేదు. సైన్యంలోని మద్రాస్ ఇంజనీర్ గ్రూప్ రంగంలోకి దిగి, ఆగస్టు 1 సాయంత్రానికల్లా 190 అడుగుల బెయిలీ వంతెనను నిలబెట్టింది. 24 టన్నుల బరువు మోసే వంతెన అది. సహాయక బృందాల వాహనాలు దాని మీదుగానే అవతలికి వెళ్లాయి.

ఆ పనిని దగ్గరుండి నడిపించిన మేజర్ సీతా శెల్కే ఫొటో మీరూ చూసే ఉంటారు. ఇప్పుడొక ప్రశ్న. ఆమె ఇంజనీరింగ్‌లో ఏ బ్రాంచి చదివారు?

సివిల్ అనుకున్నారు కదూ? కాదు, మెకానికల్.

సైన్యంలో ఇంజనీర్ ఆఫీసర్ కావాలని కలగనేవాళ్లు ఏటా వెబ్ ఆప్షన్ల దగ్గర ఇక్కడే తడబడతారు. ‘ఆర్మీ ఇంజనీర్ అంటే వంతెనలు, వంతెనలంటే సివిల్’ అని కొందరు కళ్లు మూసుకుని సివిల్ పెట్టేస్తారు. ‘సీఎస్‌ఈ తీసుకుంటే సైన్యం దారి మూసుకుపోయినట్టే’ అని ఇంకొందరు దిగులు పడతారు. రెండూ తప్పే. మొదటి తప్పు నేను స్వయంగా చేశాను కాబట్టి కాస్త గట్టిగానే చెబుతున్నా.

మూడు కోర్లు, మూడు పనులు

ముందుగా ‘ఆర్మీ ఇంజనీర్’ అన్న మాటను విడదీసి చూద్దాం. సైన్యంలో సాంకేతిక పనులు చూసే ప్రధాన విభాగాలు మూడు.

మొదటిది కోర్ ఆఫ్ ఇంజనీర్స్. వీళ్లనే శాపర్లు అంటారు. సైన్యం ముందుకు కదలడానికి వంతెనలు వేయడం, మందుపాతరలు తొలగించడం, దారులు తీయడం వీళ్ల పని. శత్రువు కదలకుండా అడ్డంకులు పెట్టేదీ వీళ్లే. బంకర్లు, హెలిప్యాడ్లు, నీటి సరఫరా కూడా చూస్తారు. వీళ్లకు మూడు గ్రూపులున్నాయి: బెంగళూరులో మద్రాస్, రూర్కీలో బెంగాల్, పుణె దగ్గర ఖడ్కీలో బాంబే. మద్రాస్ గ్రూప్ చరిత్ర 1780 నాటిది. తెలుగు రాష్ట్రాల నుంచి జవాన్లుగా చేరేవాళ్లు ఈ గ్రూపులో ఎప్పటి నుంచో ఉన్నారు. ఆఫీసర్లు మాత్రం దేశంలో ఎక్కడివారైనా కావచ్చు.

రెండోది సిగ్నల్స్. రేడియో, శాటిలైట్, నెట్‌వర్కులు, ఎలక్ట్రానిక్ యుద్ధం వీళ్ల రంగం.

మూడోది ఈఎంఈ, అంటే ఎలక్ట్రానిక్స్ అండ్ మెకానికల్ ఇంజనీర్స్. ట్యాంకులు, ఫిరంగులు, రాడార్లు, వాహనాలు చెడిపోతే బాగుచేసి మళ్లీ నడిపించేది వీళ్లే. వీళ్ల శిక్షణ కేంద్రం ఎంసీఈఎంఈ మన సికింద్రాబాద్‌లోనే, తిరుమలగిరి దగ్గర ఉంది.

మీ కల వీటిలో ఏది? ‘యూనిఫాం వేసుకుంటే చాలు’ అనేది ఒక జవాబు. ‘నాకు వంతెనలు, రోడ్లే కావాలి’ అనేది ఇంకో జవాబు. బ్రాంచి ఎంపిక ఈ జవాబును బట్టి కొంచెం మారుతుంది. కొంచెమే ఎందుకంటున్నానంటే, ఏ కోర్‌లోకి వెళ్తారన్నది మీ డిగ్రీ ఒక్కటే తేల్చదు. మీ ఇష్టం, శిక్షణలో మీ మెరిట్, ఆ సమయానికి సైన్యం అవసరం, అన్నీ కలిసి తేలుస్తాయి. సివిల్ వాళ్లు ఇంజనీర్స్‌కి, ఈసీఈ వాళ్లు సిగ్నల్స్‌కి, మెకానికల్ వాళ్లు ఈఎంఈకి వెళ్లడం సహజంగా కనిపిస్తుంది గానీ, అది రాసిపెట్టిన రూల్ కాదు.

అసలు చేరేనాటికి ఇంజనీరింగ్ డిగ్రీ లేని శాపర్ ఆఫీసర్లూ ఎందరో ఉన్నారు. 2022లో సైన్యాధిపతి అయిన జనరల్ మనోజ్ పాండే బాంబే శాపర్స్ ఆఫీసర్. కోర్ ఆఫ్ ఇంజనీర్స్ నుంచి ఆ పదవికి చేరిన మొదటివారు. ఆయన వచ్చిన దారి ఎన్‌డీఏ. అలా వచ్చి శాపర్లలో చేరిన ఆఫీసర్లకు తర్వాత పుణెలోని కాలేజ్ ఆఫ్ మిలిటరీ ఇంజనీరింగ్‌లో (సీఎంఈ) ఇంజనీరింగ్ చదువు చెప్పిస్తారు.

ఇంటర్‌లో ఉంటే ఇది ముందు చూడండి

ఇంటర్ ఎంపీసీ చదువుతున్నవాళ్లకు బ్రాంచి బెంగే లేని దారులు రెండున్నాయి. తెలియక చాలామంది వదిలేస్తున్నారు.

ఒకటి ఎన్‌డీఏ. యూపీఎస్సీ రాత పరీక్ష ఉంటుంది. ఇప్పుడు అమ్మాయిలకూ అవకాశం ఉంది.

రెండోది 10+2 టెక్నికల్ ఎంట్రీ స్కీమ్, టీఈఎస్. ఇది ప్రస్తుతానికి అబ్బాయిలకే. మ్యాథ్స్, ఫిజిక్స్, కెమిస్ట్రీ కలిపి 60 శాతం మార్కులుండాలి, జేఈఈ మెయిన్ రాసి ఉండాలి. వయసు పదహారున్నర నుంచి పందొమ్మిదిన్నర ఏళ్ల మధ్య. సైన్యం విడిగా రాత పరీక్ష పెట్టదు. షార్ట్‌లిస్ట్ అయితే నేరుగా ఎస్‌ఎస్‌బీ ఇంటర్వ్యూ. ఎంపికైతే మొత్తం నాలుగేళ్లు. మూడేళ్లు పుణె సీఎంఈ, మావ్‌లోని ఎంసీటీఈ, సికింద్రాబాద్ ఎంసీఈఎంఈల్లో ఒకచోట ఇంజనీరింగ్, చివరి ఏడాది డెహ్రాడూన్‌లోని ఇండియన్ మిలిటరీ అకాడమీలో. బీటెక్ డిగ్రీతో పాటు లెఫ్టినెంట్ హోదా వస్తుంది. చదువు ఖర్చు ప్రభుత్వానిదే. ఒక్కో కోర్సుకు 90 సీట్లు ప్రకటిస్తున్నారు.

మనవాళ్లు జేఈఈ మెయిన్ ఎలాగూ రాస్తారు. ఎన్‌ఐటీ ర్యాంకు రాలేదని ఆ స్కోర్‌కార్డును మూలన పడేస్తారు. అదే కార్డుతో ఇంకో తలుపు తట్టొచ్చని ఎవరూ చెప్పరు. మీ తమ్ముడో, బాబాయి కొడుకో ఇంటర్ సెకండియర్‌లో ఉంటే ఈ ఒక్క ముక్క అతని చెవిన వేయండి.

బీటెక్ తర్వాత దారులు

ఇప్పటికే బీటెక్‌లో ఉన్నవాళ్లకు, లేదా ఈ ఏడాది చేరబోయేవాళ్లకు ముఖ్యమైనవి రెండు.

టెక్నికల్ గ్రాడ్యుయేట్ కోర్స్, టీజీసీ: పెళ్లికాని పురుషులకు. వయసు 20 నుంచి 27. డెహ్రాడూన్‌లో శిక్షణ, తర్వాత పర్మనెంట్ కమిషన్. ఇటీవలి నోటిఫికేషన్లలో మొత్తం సీట్లు 30 మాత్రమే. సివిల్, కంప్యూటర్ సైన్స్, మెకానికల్‌లో ఒక్కోదానికి ఆరు నుంచి ఎనిమిది దాకా, ఎలక్ట్రికల్, ఎలక్ట్రానిక్స్‌కు కొన్ని, మిగతా బ్రాంచీలన్నిటికీ కలిపి రెండు.

షార్ట్ సర్వీస్ కమిషన్, ఎస్‌ఎస్‌సీ టెక్: పురుషులకు, మహిళలకు ఇద్దరికీ. వయసు అదే. ఓటీఏలో 49 వారాల శిక్షణ. పదేళ్ల సర్వీసు, కావాలంటే ఇంకో నాలుగేళ్లు పొడిగింపు, లేదా అర్హతను బట్టి పర్మనెంట్ కమిషన్. ఇటీవల పురుషులకు 350, మహిళలకు సుమారు 30 సీట్లు ఇస్తున్నారు. మేజర్ శెల్కే 2012లో కమిషన్ అందుకున్నది చెన్నై ఓటీఏ నుంచే.

శిక్షణలో నెలకు రూ.56,100 స్టైపెండ్ ఇస్తారు. రెండింటికీ ఏడాదికి రెండుసార్లు నోటిఫికేషన్ వస్తుంది. ఫైనల్ ఇయర్‌లోనే దరఖాస్తు చేయొచ్చు. ఇవి కాక ఏ డిగ్రీతోనైనా రాయగలిగే సీడీఎస్ పరీక్ష ఉంది. ఎన్‌సీసీ ‘సి’ సర్టిఫికెట్ ఉన్నవాళ్లకు ప్రత్యేక ఎంట్రీ ఉంది.

ఇక అసలు విషయం. టీజీసీకి, ఎస్‌ఎస్‌సీ టెక్‌కి సైన్యం రాత పరీక్ష పెట్టదు. మరి వేలమందిలో ఎస్‌ఎస్‌బీకి ఎవరిని పిలుస్తారు? బ్రాంచివారీగా మార్కుల కటాఫ్ పెడతారు. ఫైనల్ ఇయర్ వాళ్లకైతే ఆరో సెమిస్టర్ వరకు వచ్చిన మార్కులే లెక్క. అంటే మీ తలుపు తెరుచుకునేదీ లేనిదీ ఫస్టియర్ మొదటి సెమిస్టర్ నుంచే నిర్ణయమవుతుంటుంది. ఫస్టియర్‌లో ‘చూద్దాంలే’ అనుకున్న సబ్జెక్టు థర్డ్ ఇయర్ అయ్యాక మీ లెక్క తేలుస్తుంది.

నా సివిల్ కథ

పదేళ్ల కిందట కౌన్సెలింగ్‌లో నాకు ఐటీ సీటు వచ్చే ర్యాంకు ఉంది. ఇంటర్‌లో ఉండగానే సీ ప్రోగ్రామింగ్ సొంతంగా నేర్చుకున్నా. అయినా సివిల్ పెట్టా. కాలేజీ సీనియర్ ఒకరు ‘ఆర్మీ అంటే సివిలేరా’ అన్నారు, అంతే. నోటిఫికేషన్ తెరిచి చూద్దామన్న ఆలోచన కూడా రాలేదు.

సర్వేయింగ్ ల్యాబ్ బాగానే ఉండేది. స్ట్రక్చరల్ అనాలిసిస్, ఫ్లూయిడ్ మెకానిక్స్ నా వల్ల కాలేదు. క్లాసులో కూర్చుని నోట్‌బుక్ చివరి పేజీల్లో కోడ్ రాసుకునేవాణ్ని. ఆరో సెమిస్టర్ అయ్యేసరికి నా చేతిలో 62 శాతం, క్లియర్ చేసిన రెండు బ్యాక్‌లాగులు. ఎస్‌ఎస్‌సీ టెక్‌కి రెండుసార్లు దరఖాస్తు చేశా. రెండుసార్లూ షార్ట్‌లిస్ట్‌లో నా పేరు లేదు. ఎస్‌ఎస్‌బీ గుమ్మం కూడా తొక్కకుండానే నా కల ముగిసింది. నాలో ఆఫీసర్ అయ్యే గుణాలు లేవని ఎవరైనా తేల్చి చెప్పినా ఇంత బాధపడేవాణ్ని కాదేమో. నన్నెవరూ చూడనే లేదు. సివిల్ అనేది చెడ్డ బ్రాంచి కాదు. నాది కాని బ్రాంచి.

నా రూమ్మేట్‌ది మెకానికల్. వాళ్లది వ్యవసాయ కుటుంబం. ఇంట్లో డీజిల్ ఇంజన్ మోరాయిస్తే విప్పి బిగించేది వీడే. ఆ ఇష్టంతోనే మెకానికల్ తీసుకున్నాడు, 78 శాతం తెచ్చుకున్నాడు. మొదటి ఎస్‌ఎస్‌బీలో మొదటి రోజు స్క్రీనింగ్‌లోనే వెనక్కి పంపారు. రెండోసారి ఐదు రోజులూ ఉన్నాడు. ఇంటర్వ్యూలో పొలం ఇంజన్ గురించి మాట వస్తే, ఇంజెక్టర్ దగ్గర మొదలుపెట్టి చాలాసేపు చెప్పాడట. ఎంపికయ్యాడు. అడిగింది ఇంజనీర్స్, వచ్చింది ఈఎంఈ. ‘మొదట్లో బాధేసిందిరా. ఇప్పుడు మార్చుకోమన్నా మార్చుకోను’ అంటాడు.

మా ఇద్దరిలో సైన్యం గురించి ఎక్కువ చదివింది నేనే. వెళ్లింది వాడు. తేడా బ్రాంచి పేరులో లేదు, ఆ బ్రాంచితో మా ఇద్దరికీ ఉన్న సంబంధంలో ఉంది.

ఏ బ్రాంచితో ఏమేం ఉంటాయి?

సివిల్: శాపర్ల రోజువారీ పనికి అన్నిటికంటే దగ్గరిది. నేల స్వభావం, రోడ్లు, కాంక్రీటు, సర్వే, నీటి సరఫరా అన్నీ ఇక్కడ చదివినవే అక్కడ చేస్తారు. ఇష్టం ఉంటే ఇంతకంటే సూటిదారి లేదు. ఈమధ్య కొన్ని కాలేజీలు సివిల్, మెకానికల్ సెక్షన్లు తగ్గించేశాయి. కాబట్టి ల్యాబులు, టీచర్లు ఉన్న కాలేజీ చూసి ఆప్షన్ పెట్టండి.

మెకానికల్: ఈఎంఈకి సహజంగా సరిపోతుంది. శాపర్లకూ పనికొస్తుంది. డోజర్లు, ఎక్స్‌కవేటర్లు లేకుండా దారి తీయలేరు. డీఆర్‌డీఓ రూపొందించిన ‘సర్వత్ర’ వంతెన లారీల మీదే వచ్చి 75 మీటర్ల దాకా పరుచుకుంటుంది. బెయిలీ వంతెనలోనూ పది అడుగుల ఉక్కు ప్యానెళ్లను పిన్నులతో బిగించుకుంటూ పోవడమే ఉంటుంది. 190 అడుగులంటే పొడవునా 19 ప్యానెళ్లు. అక్కడ సివిల్ ఎంతో మెకానికల్ అంతే.

ఈఈఈ: కంటోన్మెంట్లలో, మారుమూల స్థావరాల్లో కరెంటు సరఫరా, జనరేటర్లు, సబ్‌స్టేషన్లు. ఈఎంఈలోనూ పని ఉంది.

ఈసీఈ: సిగ్నల్స్‌కు, ఈఎంఈలో రాడార్లు, ఎలక్ట్రానిక్ పరికరాలకు దగ్గర.

సీఎస్‌ఈ, ఐటీ: టీజీసీలో సివిల్, మెకానికల్‌తో దాదాపు సమానంగా సీట్లున్నాయి. దారి మూసుకుపోయిందనే మాట వట్టిది. సిగ్నల్స్‌లో నెట్‌వర్కులు, సైబర్ భద్రత పని పెరుగుతోంది. ఒక్కటి గుర్తుంచుకోండి: మీ క్లాసులో ఎక్కువమంది ఉన్నట్టే, దరఖాస్తుల్లోనూ ఈ బ్రాంచివాళ్లు ఉంటారు.

డిగ్రీ మీద పేరు చూశారా?

ఇది చాలామంది పట్టించుకోని చోటు. సైన్యం నోటిఫికేషన్‌లో బ్రాంచీల పట్టిక ఉంటుంది. ప్రధాన బ్రాంచి పేరు, దానికి సమానంగా ఒప్పుకునే పేర్లు ఒక్కొక్కటిగా రాసి ఉంటాయి. మీ డిగ్రీ మీద, మార్కుల మెమో మీద ఉన్న పేరు, దరఖాస్తులో మీరు రాసిన పేరు ఒకటే కావాలి. తేడా ఉంటే అభ్యర్థిత్వం రద్దు చేస్తామని నోటిఫికేషన్‌లోనే స్పష్టంగా ఉంటుంది.

ఇప్పుడు మన కాలేజీల్లో సీఎస్‌ఈ పక్కన ఏఐ, ఎంఎల్, డేటా సైన్స్, ఐఓటీ అంటూ ఎన్ని తోకలున్నాయో చూస్తున్నారు కదా. కౌన్సెలింగ్‌లో ‘అన్నీ ఒకటేలే’ అంటారు. మార్కుల మెమో మీద మాత్రం ఒకటి కాదు. సీటు తీసుకునే ముందు ఆ కాలేజీ సీనియర్ ఎవరిదైనా మెమో అడిగి చూడండి. అందులో బ్రాంచి పేరు ఎలా ఉందో, తాజా నోటిఫికేషన్ పట్టికలో అదే పేరు ఉందో లేదో సరిచూసుకోండి. పది నిమిషాల పని.

సీజీపీఏ విషయంలోనూ ఇంతే. 7.4 ఉంటే 74 శాతం అని రాసేయకండి. మీ యూనివర్సిటీ ఇచ్చిన సూత్రంతోనే శాతం లెక్కగట్టి, దానికి తగ్గ కాగితం దగ్గర పెట్టుకోండి.

రాకపోతే?

ఈ ప్రశ్న అడిగితే పిరికితనం అనుకోకండి. ఎస్‌ఎస్‌బీకి వెళ్లినవాళ్లలో ఎక్కువమంది వెనక్కే వస్తారు. కొందరిని మెడికల్ పరీక్ష ఆపేస్తుంది. 27 ఏళ్లు దాటాక ఈ రెండు తలుపులూ మూసుకుంటాయి. మిగిలేది మీ డిగ్రీ.

ఇక్కడ బ్రాంచీల మధ్య నిజంగా తేడా ఉంది. యూపీఎస్సీ ఇంజనీరింగ్ సర్వీసెస్ పరీక్ష సివిల్, మెకానికల్, ఎలక్ట్రికల్, ఎలక్ట్రానిక్స్ అండ్ టెలికాం, ఈ నాలుగింటికే ఉంది. దాంతో మిలిటరీ ఇంజనీర్ సర్వీసెస్ (ఎంఈఎస్)లోకి, సరిహద్దు రోడ్లు వేసే బీఆర్‌ఓలోకి సివిలియన్ ఇంజనీర్లుగా వెళ్లొచ్చు. ఎస్‌ఎస్‌సీ జూనియర్ ఇంజనీర్ పరీక్షతోనూ ఈ రెండు సంస్థల్లో ఉద్యోగాలున్నాయి. అది సివిల్, మెకానికల్, ఎలక్ట్రికల్ వాళ్లకు. అంటే భుజం మీద నక్షత్రాలు లేకపోయినా అదే కొండల్లో, అదే రోడ్ల మీద పనిచేసే వీలుంది.

సీఎస్‌ఈ వాళ్లకు ఆ నాలుగింటిలో పేపర్ లేదు. దానికి బదులు బయట ఐటీ ఉద్యోగాల మార్కెట్ పెద్దది. ఏది మీకు ఊరట అన్నది మీరే తేల్చుకోవాలి. ‘నాకు వంతెనలు, రోడ్లే ప్రాణం, యూనిఫాం తర్వాత’ అనేవాళ్లకు సివిల్ తీసుకోవడంలో అర్థముంది. ‘నాకు యూనిఫాం ముఖ్యం, ఏ కోర్ అయినా సరే’ అనేవాళ్లు మార్కులు బాగా వచ్చే బ్రాంచి తీసుకోవడమే మంచిది.

వెబ్ ఆప్షన్లకు ముందు ఐదు ప్రశ్నలు

1. ఈ బ్రాంచి పేరు తాజా టీజీసీ, ఎస్‌ఎస్‌సీ టెక్ నోటిఫికేషన్ల పట్టికలో ఉందా? సీట్లెన్ని?

2. ఈ సబ్జెక్టుల్లో ఆరు సెమిస్టర్లు బ్యాక్‌లాగ్ లేకుండా, 75 శాతం పైన తెచ్చుకోగలనా? 75 అధికారిక కటాఫ్ కాదు, కటాఫ్ ముందుగా చెప్పరు. మీకు మీరు పెట్టుకోవాల్సిన గీత.

3. నా బ్రాంచి గురించి ఇంటర్వ్యూలో పావుగంట ఇష్టంగా మాట్లాడగలనా?

4. ఆ కాలేజీలో ఎన్‌సీసీ ఉందా? రోజూ పరిగెత్తడానికి గ్రౌండ్ ఉందా?

5. సైన్యం నుంచి పిలుపు రాకపోతే, ఈ డిగ్రీతో బతకడం నాకు సమ్మతమేనా?

ఐదో ప్రశ్నకు ‘కాదు’ అని వస్తే ఆ ఆప్షన్ కిందికి దించండి.

చివరిగా ఒక మాట. 1948 ఏప్రిల్‌లో నౌషెరా నుంచి రాజౌరీ వెళ్లే దారిలో బాంబే శాపర్స్‌కు చెందిన సెకండ్ లెఫ్టినెంట్ రామ రాఘోబా రాణే కాల్పుల మధ్యే మందుపాతరలు తీసి ట్యాంకులకు దారిచేశారు. పరమవీర చక్ర అందుకున్నారు. ఆయన సైన్యంలో చేరింది మామూలు సైనికుడిగా. ఎస్‌ఎస్‌బీ ఐదు రోజులూ వెతికేది ఒత్తిడిలో ఆలోచించి, పదిమందిని వెంటేసుకుని పని పూర్తిచేసే మనిషిని. డిగ్రీ మిమ్మల్ని ఆ గుమ్మం దాకా తీసుకెళ్తుంది. కాబట్టి గుమ్మం దాకా తీసుకెళ్లగల డిగ్రీనే ఎంచుకోండి.

ఈ పూట చేయాల్సిన పని ఒక్కటే. జాయిన్ ఇండియన్ ఆర్మీ వెబ్‌సైట్ తెరిచి, చివరిసారి వచ్చిన ఎస్‌ఎస్‌సీ టెక్ నోటిఫికేషన్ డౌన్‌లోడ్ చేసుకోండి. బ్రాంచీల పట్టిక ఉన్న పేజీని అమ్మానాన్నల ముందు పెట్టండి. నేను ఆ పేజీ మొదటిసారి చూసింది థర్డ్ ఇయర్‌లో. మీరు ఆప్షన్లు పెట్టకముందే చూడండి.